పాదం తిప్పే ముందు తుంటిని అడగండి: బ్యాలే మొదలుపెట్టేవారికి

చెప్పులు విప్పి అద్దం ముందు నిలబడండి. రెండు మడమలూ ఆనించి, పాదాలను చెరో పక్కకు తిప్పండి. బ్యాలేలో మొదటి పొజిషన్ ఇదే. కొత్తగా చేరినవాళ్లు దాదాపు అందరూ రెండు పాదాలనూ ఒకే గీత మీదికి తేవాలని చూస్తారు. మీరూ అదే చేసి ఉంటే ఇప్పుడు పాదాలను వదిలేసి మోకాళ్లను చూడండి. పాదాలు తూర్పూ పడమరా చూస్తుంటే మోకాలి చిప్పలు మాత్రం అద్దాన్నే చూస్తుంటాయి. అరికాలి వంపు నేలకు అంటుకుపోయి ఉంటుంది. పిరుదులు వెనక్కి, పొట్ట ముందుకు వచ్చి ఉంటాయి.

నేనూ ఇలాగే మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఆరేళ్లు కూచిపూడి నేర్చుకున్నదాన్ని. ముప్పై దాటాక బ్యాలే క్లాసులో చేరి, మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే అరమండి వచ్చినవాళ్లకు ఇదెంత పని అనుకున్నాను. మూడో నెలకల్లా మెట్లు దిగుతుంటే కుడి మోకాలి లోపలి అంచున పోటు మొదలైంది. తప్పు టీచరుది కాదు. ఆవిడ రోజూ "కోణం తగ్గించండి" అనే చెప్పేవారు, నేనే వినలేదు. తుంటి ఎంత తిరిగితే పాదం అంతే తిరగాలన్న సంగతి చివరికి మోకాలు చెబితే గాని తలకెక్కలేదు. కింద చెప్పబోయేదంతా ఆ వరుసలోనే ఉంటుంది: ముందు తుంటి, తరువాత మోకాలు, చివరికి పాదం.

మీ దగ్గర ఎంత ఉందో కొలుచుకోండి

కాళ్లను ఇలా బయటికి తిప్పడాన్ని బ్యాలేలో టర్నవుట్ అంటారు. రెండు పాదాలకూ కలిపి 180 డిగ్రీలు ఆదర్శం, అంటే ఒక్కో కాలికి 90. మామూలు మనిషి తుంటి కీలు బయటికి తిరిగేది సుమారు 45 డిగ్రీలు. ఏళ్ల తరబడి సాధన చేసిన వృత్తి నర్తకుల్లో కూడా 60 ఉంటే మంచి తుంటి కిందే లెక్క. మిగిలిన లోటును మోకాలి కింది ఎముకకు సహజంగా ఉండే మెలిక, పాదం కలిసి పూడుస్తాయి. తుంటి గిన్నె ఎంత లోతుగా ఉంది, ఏ దిక్కుకు చూస్తోంది, తొడ ఎముక మెడ ఏ కోణంలో వంగింది అన్నవి పుట్టుకతో, పెరుగుదలతో వచ్చేవి. పెద్దయ్యాక ఎంత సాగదీసినా ఎముక మారదు.

కొలవడానికి బోర్లా పడుకోండి. ఒక మోకాలు మడిచి, అరికాలు పైకప్పును చూసేలా పెట్టండి. ఆ పాదాన్ని రెండో కాలి వైపు మెల్లగా వాలనివ్వండి. పాదం లోపలికి వాలుతోందంటే తొడ ఎముక తుంటిలో బయటికి తిరుగుతోందని అర్థం. చదివితే తికమకగా ఉంటుంది, ఒకసారి చేస్తే తెలిసిపోతుంది. తుంటి ఎముక నేల మీద నుంచి లేవబోయిన చోట ఆపండి. ఎవరినైనా కాళ్ల వైపు నుంచి ఫోటో తీయమనండి. నిలువు గీత నుంచి కాలు ఎంత వాలిందో అదే మీ కొలత. రెండు కాళ్లకూ తేడా ఉండవచ్చు. అలాంటప్పుడు తక్కువ తిరిగిన కాలినే లెక్కలోకి తీసుకోండి.

తరువాత నిలబడి చూసుకోవాలి. సాక్సులు వేసుకుని నున్నటి గచ్చు మీద పాదాలు పక్కపక్కనే పెట్టి నిలబడండి. మోకాళ్లు పూర్తిగా చాచండి. బరువు మడమల మీదికి తెచ్చి, వేళ్లు కాస్త లేపి, తొడలను పైనుంచే తిప్పండి. కాలు ఎక్కడ ఆగితే అక్కడ పాదం దించండి. అదే మీ మొదటి పొజిషన్, ఈ రోజుకు. రెండు పాదాల మధ్య కోణం 100 వచ్చినా, 110 వచ్చినా సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మోకాళ్లు చాచమని ఎందుకన్నానో చెప్పాలి. చాచిన మోకాలిలో కింది ఎముక విడిగా తిరగలేదు, వంచిన మోకాలిలో తిరుగుతుంది. దొంగతనం అక్కడే జరుగుతుంది. మోకాళ్లు వంచి, పాదాలను గీత మీద పెట్టేసి, ఆ తరువాత నిటారుగా లేస్తారు. పాదాలు నేలను పట్టుకుని ఉంటాయి. పైన తొడ తన అసలు కోణానికి తిరిగి వెళ్లాలని చూస్తుంది. మధ్యలో మోకాలు పిండిన బట్టలా మెలిపడుతుంది. ఆ మెలికను భరించేవి ఎముకలను కట్టి ఉంచే లోపలి వైపు లిగమెంటు, మోకాలి మధ్య ఉండే మెత్తటి దిండు లాంటి మెనిస్కస్. నా పోటుకు మూలం ఈ దొంగతనమే.

పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఆస్థానంలో ఈ నాట్యానికి నియమాలు కట్టినప్పుడు కాళ్లు ఇంతగా తిరిగేవి కావు. రాజు 1661లో నాట్య అకాడమీ పెట్టించాడు. ఐదు పాద స్థానాలను స్థిరపరిచినవాడిగా ఆయన నాట్యాచార్యుడు పియేర్ బోషాంను చెబుతారు. ఆనాటి చిత్రాల్లో పాదాల మధ్య కోణం మధ్యస్థంగానే కనబడుతుంది. 180 డిగ్రీలు ఆదర్శంగా నిలిచింది తరువాతి కాలంలో. ఇక మీ ఫోనులో కనిపించే రష్యా పిల్లల వీడియోల సంగతి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వాగనోవా అకాడమీ పదేళ్ల వయసు పిల్లలను చేర్చుకునేటప్పుడే వాళ్ల తుంటి ఎంత తిరుగుతుందో, పాదం ఎంత వంగుతుందో పరీక్షించి ఎంచుకుంటుంది. ఆ తుంటితో మీ తుంటిని పోల్చుకోవడం జిరాఫీ మెడతో పోల్చుకోవడం లాంటిది.

తిప్పే కండరాలను నిద్ర లేపడం

కాలిని బయటికి తిప్పే అసలు పనివాళ్లు ఆరు చిన్న కండరాలు. పిరుదు పెద్ద కండరానికి అడుగున, వెన్ను అడుగునున్న త్రికాస్థి నుంచి, కటి ఎముక నుంచి తొడ ఎముక పైభాగానికి విసనకర్ర ఆకుల్లా పరుచుకుని ఉంటాయి. వీటిలో పిరిఫార్మిస్ పేరు సయాటికా నొప్పి పడ్డవాళ్లు విని ఉంటారు. బయటికి కనిపించని పనివాళ్లు కాబట్టి వీటి మీద మనకు పట్టు ఉండదు. తిప్పమంటే పైనున్న పెద్ద కండరాన్ని రాయిలా బిగిస్తాం. అది బిగుసుకుంటే నడుము కిందికి నొక్కుకుపోతుంది, కాలు స్వేచ్ఛగా లేవదు.

ఒక పక్కకు తిరిగి పడుకోండి. మోకాళ్లు మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టండి, మడమలు ఆనించి ఉంచండి. పై చేతి వేళ్లను పిరుదు కింది భాగంలో, కూర్చున్నప్పుడు నేలకు తగిలే ఎముక దగ్గర పెట్టండి. మడమలు విడిపోకుండా, నడుము వెనక్కి దొర్లకుండా పై మోకాలిని ముత్యపు చిప్ప తెరుచుకున్నట్టు తెరవండి. వేళ్ల కింద లోతుగా ఏదో చిన్నగా బిగుసుకున్నట్టు తెలియాలి. అరచేయి మొత్తానికి గట్టిగా తగిలితే పెద్ద కండరం పని లాక్కుందని అర్థం, సగం ఎత్తుకే తెరవండి. ఒక్కో వైపు పన్నెండు సార్లు, రెండు విడతలు. వారానికి నాలుగు రోజులు చేస్తే చాలు.

వీటికి తోడు తొడ లోపలి కండరాలు. నిలబడినప్పుడు రెండు తొడల వెనక లోపలి అంచులను ఒకదానికొకటి చూపిస్తున్నట్టు ఊహించుకోండి. బ్యాలే టీచర్లు "లోపలి తొడను ముందుకు చూపించు" అంటుంటారు. శాస్త్రంగా అది అంత కచ్చితమైన మాట కాదుగానీ శరీరానికి మాత్రం వెంటనే అర్థమవుతుంది.

పాదం నేల మీద ఎలా ఉండాలి

పాదంలో 26 ఎముకలు. అన్నిటినీ గుర్తుపెట్టుకోనక్కరలేదు, మూడు చోట్లు గుర్తుంటే చాలు: మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు. ముక్కాలి పీట మూడు కాళ్ల మీద నిలిచినట్టు బరువు ఈ మూడింటి మీదా పడాలి.

దీన్ని చూసుకోవడానికి నేను ఇంట్లో చేసే పని ఒకటుంది. పాత పెళ్లి శుభలేఖను మూడు చీలికలుగా కత్తిరించి, ఆ మూడు చోట్ల కింద ఒక్కో ముక్క పెట్టి మొదటి పొజిషన్‌లో నిలబడతాను. మా పాప వచ్చి ఒక్కో ముక్కనూ లాగుతుంది. మూడూ సమానంగా బిగుసుకుని ఉంటే పాదం సరిగ్గా ఉన్నట్టు. మొదట్లో చిటికెనవేలి కింది ముక్క ఇట్టే ఊడి వచ్చేది. అంటే బరువంతా లోపలికి, బొటనవేలి వైపు ఒరిగిపోయిందన్నమాట. తుంటిలో లేనిదాన్ని పాదం నుంచి రాబట్టాలని చూస్తే జరిగేది అదే. అప్పుడు వంపును పైకి లాగి సరిచేయబోకండి. పాదాల కోణం అయిదు డిగ్రీలు తగ్గించండి, వంపు దానంతట అదే లేస్తుంది.

అరికాలి చిన్న కండరాలకు వేరే సాధన ఉంది. కుర్చీలో కూర్చుని పాదం నేల మీద పెట్టండి. వేళ్లు ముడవకుండా, బొటనవేలి మొదలును మడమ వైపు లాగుతున్నట్టు చేయండి. పాదం అర అంగుళం పొట్టి అయినట్టు, వంపు కింద గాలి చేరినట్టు ఉంటుంది. అయిదు లెక్కపెట్టి వదలండి. పది సార్లు. మొదటి వారం ఏమీ కదలదు, వేళ్లు మాత్రం కాకి గోళ్లలా నేలను పట్టుకుంటాయి. విసుగు పడకండి. ఎదురుచూడాల్సింది ఇక్కడే, ఎందుకంటే తరువాతి ప్రతి మెట్టుకూ ఈ కండరాలే ఆధారం.

ప్లియే: వంగడం

కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుని వచ్చినవాళ్లు ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. పైకి చూస్తే అరమండికీ డెమీ ప్లియేకీ, అంటే సగం వంగే ప్లియేకీ, పోలిక ఉంది. రెండింట్లోనూ కాళ్లు బయటికి తిరుగుతాయి, మోకాళ్లు పక్కలకు వంగుతాయి, మడమలు నేల మీదే ఉంటాయి. కానీ అరమండిలో మనం కూర్చుని ఉంటాం. ఆ ఎత్తులోనే అడుగులు తడతాం, జతులు నడుస్తాయి. ప్లియే మాత్రం ఎక్కడా ఆగదు. కిందికి వెళ్లడం ఎంతో, పైకి రావడమూ అంతే. అట్టడుగున ఒక్క క్షణం కూర్చున్నా టీచరు పట్టేస్తారు. నాకు ఆ అలవాటు పోవడానికి ఏడాది పట్టింది.

కుర్చీ వీపు మీదో, వంటగట్టు మీదో చేయి ఆనించండి. పట్టుకోవద్దు, ఆనించడమే. నాలుగు లెక్కల్లో కిందికి, నాలుగు లెక్కల్లో పైకి. మోకాలు రెండో వేలి మీదుగా వెళ్లాలి, బొటనవేలికి లోపలగా రాకూడదు. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు బిగువు వదులుతూ బ్రేకు వేస్తాయి. లేచేటప్పుడు వాటితో పాటు తొడ లోపలి కండరాలూ పని చేయాలి, జిప్పు పైకి లాగినట్టు. చీలమండ ముందు భాగాన్ని కూడా గమనించండి. అక్కడ ఒక నరం తాడులా ఉబ్బి నిలిచిందంటే పాదాన్ని పైకి లాగి పట్టుకున్నారని గుర్తు. నిజానికి అది నరం కాదు, కాలి ముందు కండరాన్ని ఎముకకు అతికించే టెండన్. దాన్ని వదులు చేస్తే ఇంకో వేలెడు లోతు దొరుకుతుంది.

మడమలు లేచేంత వరకు దిగే గ్రాండ్ ప్లియేకు ఇంకా తొందర లేదు.

తాందూ: పాదం నేలను ఒలవడం

నన్నడిగితే బ్యాలే పాదమంతా ఈ ఒక్క కదలికలో ఉంది. చూడటానికి ఏమీ లేదు, కాలు ముందుకు జరిపి మళ్లీ వెనక్కి తెస్తారు. కానీ ఆ జరపడంలో పాదం నేల మీద నుంచి అరటి తొక్క ఒలిచినట్టు ఒక్కో భాగంగా లేవాలి.

సాక్సులతో మొదటి పొజిషన్‌లో నిలబడండి. కుడి పాదాన్ని నేలకు నొక్కుతూ ముందుకు జరపండి. మొదట మడమ లేస్తుంది, వేళ్ల మొదళ్లు ఇంకా నేల మీదే ఉంటాయి. ఒక క్షణం అక్కడ ఆగి చూసుకోండి: అయిదు వేళ్లూ పొడవుగా పరుచుకుని ఉన్నాయా? తరువాత వేళ్ల మొదళ్లు లేస్తాయి, వేలి కొనలు మాత్రమే నేలకు తగులుతాయి. తిరిగి వచ్చేటప్పుడు ఇదే దారి వెనక్కి: వేళ్లు, వేళ్ల మొదళ్లు, మడమ. సాక్సు నేల మీద రాసుకునే చప్పుడు మొదటి నుంచి చివరి వరకు ఆగకుండా వినిపించాలి. మధ్యలో చప్పుడు తెగిందంటే అక్కడ పాదాన్ని గాలిలో ఎత్తి పెట్టారు.

పాదాన్ని చాచడం అంటే వేళ్లను ముడవడం కాదు. పిక్క కండరాలు మడమను పైకి లాగుతాయి, అరికాలి చిన్న కండరాలు వేళ్లను పొడవుగా ఉంచుతూ మొదళ్ల దగ్గర వంచుతాయి. ఈ చిన్న కండరాలు బలహీనంగా ఉంటే వేళ్లను ముడిచే పొడవాటి కండరాలు వాటి పనీ చేయబోతాయి. అప్పుడే అరికాలు కొంకర్లు పోతుంది. కొంకరు వస్తే పాదాన్ని విదిలించండి, టెన్నిస్ బంతి మీద అరికాలిని దొర్లించండి, మళ్లీ మెల్లగా మొదలుపెట్టండి. మొదటి నెలల్లో ఇది అందరికీ వచ్చేదే.

ఇక కొడవలి పాదం. చాచిన పాదం బొటనవేలి వైపు లోపలికి వంకర తిరిగితే కాలి గీత కొడవలిలా కనిపిస్తుంది. బ్యాలేలో దీన్ని పెద్ద తప్పుగా చూస్తారు, అందం కోసం మాత్రమే కాదు. ఆ వంకరతో గెంతి దిగితే చీలమండ బయటి వైపు మెలిపడి బెణుకుతుంది. మోకాలి కింది ఎముక మధ్య నుంచి రెండో వేలి వరకు ఒక దారం కట్టినట్టు ఊహించుకుని, ఆ దారం వంగకుండా చూడండి.

పక్కకు పది, ముందుకు పది, వెనక్కి పది. కదిలే కాలి మీదే కళ్లు పోతాయిగానీ అలసిపోవాల్సింది నిలబడిన కాలు. తాందూ అయ్యాక నిలబడిన వైపు పిరుదు లోపల వెచ్చగా అనిపించకపోతే ఆ కాలు తిప్పడం మానేసి ఊరికే నిలబడిందని అర్థం.

రెలెవే: మునివేళ్ల మీదికి లేవడం

పిక్కలో రెండు ప్రధాన కండరాలు. పైకి కనిపించే గ్యాస్ట్రోక్నీమియస్ మోకాలు చాచినప్పుడు ఎక్కువగా పని చేస్తుంది, దాని అడుగునున్న సోలియస్ మోకాలు వంచినప్పుడు కూడా ఆగదు. రెండూ కలిసి అకిలీస్ టెండన్‌గా మడమకు అతుక్కుంటాయి. వీటికి తోడు బొటనవేలిని వంచే పొడవాటి కండరం ఒకటి ఉంది. దాని టెండన్ లోపలి చీలమండ వెనకగా వచ్చి, అరికాలి కిందుగా బొటనవేలి కొన వరకు సాగుతుంది. మిగతావాళ్లకు ఇది అప్రధానమైనది, బ్యాలే చేసేవాళ్లకు మాత్రం రోజూ మోయలేనంత బరువు దీని మీదే పడుతుంది.

మొదట పాదాలు పక్కపక్కనే, తిప్పకుండా పెట్టండి. రెండు మడమల మధ్య, లోపలి చీలమండ ఎముకల కింద టెన్నిస్ బంతి పెట్టుకోండి. రెండు లెక్కల్లో పైకి, నాలుగు లెక్కల్లో కిందికి. బంతి జారిపోయిందంటే చీలమండలు బయటికి ఒరిగాయి. బరువు బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ఉండాలి, చిటికెనవేలి వైపు పోకూడదు. పూర్తి ఎత్తుకు వెళ్లాలంటే బొటనవేలి మొదలు దాదాపు 90 డిగ్రీలు వంగాలి. మీ వేలు అంత వంగకపోతే ఎత్తు తగ్గించుకోండి. ఎత్తు కోసం పాదం బయటి అంచు మీదికి దొర్లితే అక్కడ చిటికెనవేలి వెనక ఉండే పొడవాటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. నర్తకుల్లో ఈ విరుపు ఎంత మామూలంటే డాక్టర్లు దానికి డ్యాన్సర్స్ ఫ్రాక్చర్ అనే పేరే పెట్టారు.

దిగడంలో నాలుగు లెక్కలను దొంగిలించకండి. మడమ ధబ్బున పడితే సగం సాధన వృథా. రెండు కాళ్ల మీద ఇరవై తేలికయ్యాక ఒంటి కాలి మీద మొదలుపెట్టండి. మోకాలు వంగకుండా, మడమ ఎత్తు తగ్గకుండా ఒక్కో కాలికి ఇరవై అయ్యేవరకు కొన్ని నెలలు పట్టవచ్చు.

ఇరవై అయిందని వెంటనే ఆన్‌లైన్‌లో పాయింట్ షూ, అంటే వేలికొనల మీద నిలబడేందుకు వేసుకునే గట్టి షూ, కొనకండి. 1832లో పారిస్ ఒపేరాలో మరీ తాల్యోనీ అనే నర్తకి వేలికొనల మీద నిలిచి చరిత్ర సృష్టించినప్పుడు ఆమె కాళ్లకు ఉన్నవి మెత్తటి శాటిన్ చెప్పులు, అంచుల్లో దారంతో కుట్లు వేసి గట్టిపరచినవి. ఆమెను నిలబెట్టింది ఆమె పాదమే. ఇప్పటి షూ ముందు భాగాన్ని గుడ్డ, కాగితం పొరలు జిగురుతో అతికించి గట్టిగా చేస్తారు. అది బలహీనమైన పాదాన్ని దాచిపెడుతుంది, బలం మాత్రం ఇవ్వదు. ఎప్పుడు వేసుకోవాలో మీ టీచరు మీ పాదాన్ని చూసి చెప్పాలి, షూ కూడా కాలికి తొడిగి చూసే కొనాలి. వయసు ఒక్కటే చూసి పిల్లలకు కొనిచ్చే తల్లిదండ్రులకూ ఇదే మాట.

ఏ నొప్పి మామూలు, ఏది కాదు

పిక్కలూ, తొడల లోపలి వైపూ రెండు రోజులు నొప్పెట్టి తగ్గితే దిగులు లేదు. తుంటిలో నొప్పి లేకుండా టక్కుమన్నా అంతే. ఈ కిందివి వేరు. మోకాలి లోపలి అంచున ఒకే చోట పోటు వస్తే టర్నవుట్ కోణం అదే రోజు తగ్గించండి. రెలెవేలో మడమ పైన వెనకవైపు నొక్కుకున్నట్టు ఉంటే, లోపలి చీలమండ వెనక లాగుతుంటే, బొటనవేలు వంగి చిక్కుకుపోయి టక్కున విడిపోతుంటే సాధన ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. పాదం పైభాగంలో ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి ఉండి, రోజురోజుకూ పెరుగుతుంటే ఎముకలో సన్నటి పగులు ఉండవచ్చు. ఆ పగులు మొదటి ఎక్స్‌రేలో తరచు కనబడదు. "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్న మాటతో మళ్లీ గెంతడం మొదలుపెట్టకండి.

గెంతడం అంటే గుర్తొచ్చింది. మన ఇళ్లలో టైల్స్ కింద కాంక్రీటే ఉంటుంది. ఇక్కడ చెప్పినవన్నీ దాని మీద చేయవచ్చు, గెంతులు మాత్రం క్లాసులో కలప నేల మీద చేయండి.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు: పడుకుని చేసేవి అయిదు నిమిషాలు, కుర్చీలో పాదానికి అయిదు, మిగిలిన పదిలో ప్లియే, తాందూ, రెలెవే. వారానికొకసారి ఫోనును నేల మీద మీ వెనక నిలబెట్టి రెలెవే వీడియో తీసుకోండి. ముఖం పడనక్కరలేదు, పిక్కల నుంచి కిందికి కనిపిస్తే చాలు. మడమ వెనక అకిలీస్ టెండన్ నిలువు గీతలా ఉందో, ఏ పక్కకైనా వంగిందో చూసి, వంగితే ఎన్నోసారి లేచినప్పుడు వంగిందో రాసుకోండి. నా ఎడమ కాలు ఇప్పటికీ పద్నాలుగో దానికి బయటికి ఒరుగుతోంది. పోయిన నెల అది తొమ్మిదో దానికే ఒరిగేది.